తెలిసినవి అడగకూడదు

జూన్ 3

కొత్త డైరీ. మొదటి పేజీలో ఒక అందమైన వాక్యం రాద్దామని పొద్దున్నుంచి కూర్చున్నాను. వచ్చినవన్నీ ఎక్కడో చదివినట్టే ఉన్నాయి. పోనీ, జరిగింది రాస్తాను.

మా చెల్లి ఉడుతని బడి మాన్పించారు. ఎనిమిదేళ్ల పిల్ల, ఇంట్లో మా చెవులు చిల్లులు పడేలా వాగే పిల్ల, క్లాసులో మాత్రం ఏడాది పొడుగునా నోరు విప్పలేదట. టీచరు ఏది అడిగినా నేలవైపు చూస్తూ నిలబడేదట. చివరికి "ఈ పిల్లకి ఎక్కట్లేదు, కింది క్లాసులో కూర్చోబెడతాం" అన్నారు. ఆ రోజు నుంచి ఉడుత పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. అమ్మ నర్సు. ఏది నిజం నొప్పో ఏది కాదో అమ్మకి తెలుసు. ఇది నిజం నొప్పే అంది.

అమ్మ ఇంట్లోనే చదివిద్దామంది. నాన్న వద్దన్నారు. బడి అంటే బడే, ఇల్లు అంటే ఇల్లే అన్నారు. అన్నాల దగ్గర రాజీ కుదిరింది. అక్టోబరు చివర్లో విద్యాశాఖ నుంచి ఒకావిడ ఇంటికొచ్చి ఉడుతకి పరీక్ష పెడుతుంది. ఆవిడ సరేనంటే ఇంటి చదువు. కాదంటే ఇంకో ఊళ్లో హాస్టలు ఉన్న బడి.

హాస్టలు అన్న మాటకి ఉడుత కంచంలోంచి తల ఎత్తలేదు.

అమ్మకి డ్యూటీలు. నాన్నకి కింద ఫోటో ఫ్రేముల కొట్టు. నేను డిగ్రీ ఎలాగూ ఇంటి దగ్గర నుంచే చదువుతున్నాను. కాబట్టి టీచర్ని నేనే. నాకేమీ గర్వంగా లేదు. ఊరికే రాస్తున్నాను.

ఇవాళ్టి మాట: నిక్కచ్చి. పలికితే నాలుక మీద మేకు దిగినట్టుంటుంది.

జూన్ 5

టైం టేబుల్ వేశాను. నాలుగు రంగులు వాడాను. ముందు గదిలో బల్ల, ఒక కుర్చీ, గోడకి నల్ల చార్టు. గంట లేదు కాబట్టి పళ్లెం మీద గరిటెతో కొట్టాను. కింద కొట్లోంచి నాన్న "ఎవరికి వడ్డిస్తున్నారు?" అని కేక వేశారు.

ఎక్కాలు అడిగాను. చెప్పలేదు. సిగ్గు కాబోలు. పాఠం చదవమన్నాను. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. మొదటిరోజు కదా. మొత్తం మీద బాగా జరిగింది.

జూన్ 12

ఇవాళ కూడా బాగానే జరిగింది. ఉడుత మంచం కింద ఉంది.

జూన్ 21

పిన్ని ఫోన్ చేసింది. పిన్ని టీచరు కాదు గానీ టీచర్లందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివింది. ఇంట్లో బడి పెడితే అది ఇల్లూ కాదు, బడీ కాదు అంది. పిల్లని వదిలెయ్, ఏది ఇష్టమో అదే నేర్చుకుంటుంది, నువ్వు గమనిస్తూ ఉండు చాలంది. ఆ పద్ధతి మీద రెండు పుస్తకాలు కూడా పంపింది.

టైం టేబులూ, చార్టూ తీసేశాను. రంగులు వేసినందుకు కొంచెం బాధేసింది. కొంచెమే.

జూలై 2

గమనిస్తున్నాను. ఉడుత ఈ పది రోజుల్లో చేసినవి: ఈల. కొట్లో మేకులన్నీ పొడుగు ప్రకారం సర్దడం. మళ్ళీ ఈల. మెట్ల మీద కూర్చుని నాన్న ఫ్రేముల చెక్క పట్టీలు కోస్తుంటే చూడటం. నాన్న "కొట్లో ఈలలేంటి?" అని కసిరితే కాసేపు ఆగి, ఇంకా సన్నగా మళ్ళీ ఈల.

పుస్తకం ముట్టుకోలేదు. పిన్ని ఓపిక పట్టమంది. నాకు ఓపిక చాలా ఉంది. నాన్నకే లేదు.

జూలై 15

మూడో పద్ధతి. ఒకే విషయం పట్టుకుని అన్నీ దాంట్లోంచే నేర్పడం. లెక్కలు, సైన్సు, చదవడం, బొమ్మలు, అన్నీ. నేను వాన ఎంచుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని మూడు పేజీల పాఠం రాశాను. జల్లు, తుంపర, ముసురు, జడివాన, ఒక్కో మాటకీ ఒక్కో పేరా. చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

చదవడం అయ్యాక ఉడుతని అడిగాను: "ముసురంటే ఏంటి చెప్పు."

అది నా మొహంలోకి ఒకసారి చూసి, చూపు నేలకి దించేసింది. అదే చూపు. టీచరు చెప్పిన చూపు అదే అయి ఉండాలి.

"నేను కిందికి వెళ్లొచ్చా?" అంది.

జూలై 16

ఏడవలేదు. జలుబు చేసింది.

జూలై 29

నాన్న హాస్టలు వాళ్లతో మాట్లాడారు. సీటు ఉందట. నవంబరులో చేర్చుకుంటారట. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా విన్నది. "అక్టోబరు దాకా అన్నారు కదండీ" అంది. "అక్టోబరు దాకానే" అన్నారు నాన్న. ఇద్దరూ మెల్లగానే మాట్లాడారు. అరుచుకుంటే బావుండేది.

నేను అడిగాను, నాన్నా, నా వల్ల కావట్లేదనా అని. "నీ వల్ల కాదని ఎవరన్నారు పెద్దదానా, దానివల్ల కాదు" అన్నారు. అది ఓదార్పు అనుకున్నారు పాపం.

ఉడుత తలుపు వెనకే ఉంది. దాని కాళ్లు కనిపించాయి.

ఆగస్టు 6

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. నవ్వు వస్తోంది.

దర్జీ గారి పెళ్లి ఫోటో ఫ్రేముకి వచ్చింది. పన్నెండు అంగుళాలు, తొమ్మిది అంగుళాలు. నాన్న అద్దాల కోసం బయటికి వెళ్తూ, ఫోటో కొలిచి లెక్కేసి పట్టీల మీద కోతకి గుర్తులు పెట్టమన్నారు. కొలిచాను. పన్నెండు దగ్గర రెండు గుర్తులు, తొమ్మిది దగ్గర రెండు గుర్తులు. నిక్కచ్చిగా. నాన్న వచ్చి, నన్ను నమ్మి, గుర్తుల దగ్గరే కోసి, మూలలు అతికించి, మేకులు దిగ్గొట్టి, ఫోటో తెచ్చి ఫ్రేములో పెట్టబోయారు.

పెళ్లికూతురు పట్టింది. పెళ్లికొడుకు సగం బయటే ఉండిపోయాడు.

నాన్న ఫ్రేము వైపు చూశారు, నా వైపు చూశారు, డిగ్రీ చదివే పిల్లవేనా అన్నట్టు. నాకు నిజంగా అర్థం కాలేదు. పన్నెండంగుళాల ఫోటోకి పన్నెండంగుళాల పట్టీ. ఎక్కడ పోయింది మిగతాది? మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉంది.

"ఎక్కడికి పోయిందిది?" అని పైకే అన్నాను. ఎవర్నీ అడగలేదు. గాలిని అడిగాను.

మెట్ల మీంచి ఉడుత దిగి వచ్చింది.

"అక్కా, నీకు నిజంగా తెలీదా?"

"తెలీదే."

నా కళ్లలోకి చూసింది. తర్వాత కింద పడి ఉన్న పట్టీ ముక్కలు రెండు తీసి మూల కలిపి పట్టుకుంది. "ఇదిగో, పట్టీ వెడల్పు అంగుళం. ఇటు అంగుళం, అటు అంగుళం, చెక్కే తినేస్తుంది. నువ్వు బయటి అంచు పన్నెండు పెట్టావు. లోపల పదే మిగిలింది. పదిలో పన్నెండు ఎలా కూర్చుంటుంది?"

"అయితే రెండు కలిపి పద్నాలుగు పెట్టాలా?"

"కాదు." నా వేలు పట్టుకుని పట్టీ వెనక గాడిలో పెట్టింది. "ఫోటో ఇందులోకి దూరుతుంది. ఇది పావు అంగుళం. అంగుళంలో పావు తీస్తే ముప్పావు. అటో ముప్పావు, ఇటో ముప్పావు. ఒకటిన్నర. పదమూడున్నర పెట్టాలి. తొమ్మిది వైపు పదిన్నర."

ఎక్కాలు చెప్పని పిల్ల. ఒక్క చోట ఆగలేదు. నాకు అర్థం కాక మళ్ళీ చెప్పించుకున్నాను, రెండోసారి ఇంకా ఓపిగ్గా చెప్పింది, "పర్లేదు అక్కా, మొదట్లో అందరికీ అంతే" అని కూడా అంది.

నాన్న రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దర్జీ గారికి ఫోటో రేపు ఇస్తామని చెప్పాం.

ఆగస్టు 7

దొరికింది. దొరికింది. దొరికింది.

తప్పు! దానికి తప్పు కావాలి. ఎదుటివాళ్లు తప్పు చేస్తే దిద్దడానికి నోరు లేస్తుంది. ఇక నుంచి నేను తప్పులు చేస్తాను. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి. పిన్నికి చెప్పలేదు, పూర్తయ్యాక చెప్తాను.

ఆగస్టు 11

పాఠం చదువుతూ నదులు కొండలెక్కుతాయి అని చదివాను. "కొండలు దిగుతాయి అక్కా" అని పుస్తకం లాక్కుని చదివింది. నాలుగు వాక్యాలు, గొంతెత్తి. ఏడారులు ముప్ఫై ఆరు అన్నాను. "నలభై రెండు" అంది.

తప్పులు చేయడం నాకు కష్టంగా ఉంది. ఒక మాటని కావాలని తప్పుగా పలికినప్పుడు దానికి దెబ్బ తగిలినట్టనిపిస్తుంది. అయినా సరే. అమ్మకి చూపించాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. మందుల వాసన వచ్చింది.

ఆగస్టు 18

అద్భుతంగా జరుగుతోంది. నాన్న కూడా ఒకసారి వచ్చి విని వెళ్లారు.

ఆగస్టు 23

అయిపోయింది.

నక్షత్రాలు పగలు నిద్రపోతాయి కాబట్టి కనిపించవు అన్నాను. ఉడుత దిద్దబోయి ఆగింది. నా మొహం చూసింది, చాలాసేపు.

"నీకు తెలుసు" అంది.

"ఏంటి?"

"నీకు తెలుసు. మొన్న ఏడారులు కూడా తెలుసు. నదులు కూడా తెలుసు. నటిస్తున్నావు."

లేదే అన్నాను. అబద్ధం చెప్పాను. అది పుస్తకం మూసి, చాలా జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మంచం కిందికి వెళ్లింది.

ఆగస్టు 24

నాతో మాట్లాడట్లేదు. ఈల కూడా వేయట్లేదు.

ఆగస్టు 27

మంచం కిందికి నేనూ వెళ్లాను. వేరే దారి కనిపించలేదు. తల పట్టదు, దుమ్ము, ఒక పాత రబ్బరు చెప్పు. ఇద్దరం అటూ ఇటూ పడుకున్నాం. సారీ చెప్పాను. అది మంచం చెక్కతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"టీచర్ కూడా అంతే. ఆవిడకి తెలుసు. పుస్తకం చేతిలోనే ఉంటుంది. అయినా అడుగుతుంది. తెలిసి ఎందుకు అడుగుతారు అక్కా?"

నీకు వచ్చో రాదో చూడ్డానికి అన్నాను.

"మరి అలా చెప్పొచ్చుగా. తెలీనట్టు మొహం పెట్టి అడుగుతుంది. నేను చెప్తే, ఊఁ, కూర్చో, అంటుంది. ఆవిడకి కావాల్సి అడిగితే, హమ్మయ్య అనాలి కదా? దర్జీ గారి ఫోటోకి నువ్వు హమ్మయ్య అన్నావు."

అన్నానా? గుర్తు లేదు. అని ఉంటాను.

మూడు నెలలుగా నేను ఈ పిల్లని అడిగిన ప్రశ్నలన్నీ తలుచుకున్నాను. ముసురంటే ఏంటి. ఎనిమిదేడులు ఎంత. రాజధాని ఏది. ఒక్కటీ నాకు తెలీక అడగలేదు. పద్ధతులు మార్చాను, రంగులు మార్చాను, ప్రశ్న మార్చలేదు.

దాని బుర్రకి ఎక్కకపోవడం కాదు. మర్యాదగా అడగలేదు మనం.

ఆగస్టు 28

కొత్త రూలు. ఈ ఇంట్లో తెలిసినవి అడగకూడదు. నాకే కాదు, దానికీ.

మొదట ఏం అడగాలో తోచక ఇద్దరం దిక్కులు చూశాం. నాకు తెలీనివి చాలా ఉన్నాయని తెలుసు గానీ, ఒక్కటంటే ఒక్కటి పట్టుకోవడం ఎంత కష్టమో. చివరికి నా స్టాటిస్టిక్స్ పుస్తకం తెచ్చి దాని ముందు పెట్టాను. ఆ పేపరు గురించి ఆలోచిస్తేనే నాకు చెమటలు. ఉడుత నా చేతులు చూసింది. తడిగా ఉన్నాయి. నమ్మింది.

"చదువుదాం పట్టు" అంది.

సెప్టెంబరు 9

సగటు ఇద్దరికీ వచ్చేసింది. కొట్లో నెల రోజుల ఫ్రేముల పొడుగులు రాసుకుని సగటు తీశాం. ఆ పేజీ చదవడానికి ఉడుతకి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక్కో మాట కూడబలుక్కుని, అర్థం కానిది నన్నడిగి, నాకూ అర్థం కాకపోతే ఇద్దరం నిఘంటువు మీద పడి. ఒకసారి కూడా విసుక్కోలేదు. నేనే రెండుసార్లు విసుక్కున్నాను.

హమ్మయ్య అన్నాను. ఈసారి గుర్తుంది.

సెప్టెంబరు 20

ఉడుత ఇప్పుడు అందర్నీ పట్టుకుంటోంది. "నీకేం తెలీదు?" అని అడుగుతుంది. తిట్టు కాదు, పలకరింపు. పాలబ్బాయికి ఆవు నెమరు ఎందుకు వేస్తుందో తెలీదట. దర్జీ గారికి సూది కన్ను పెట్టే యంత్రం ఎలా ఉంటుందో తెలీదట. అమ్మకి ఆవలింత ఒకరి నుంచి ఇంకొకరికి ఎందుకు అంటుకుంటుందో తెలీదట, "నర్సువి, నీకే తెలీదా?" అని మురిసిపోయింది. అవన్నీ వెతికి, చదివి, వాళ్ల దగ్గరికెళ్లి చెప్పి వస్తోంది. ఆవలింత గురించి పుస్తకాలు రాసేవాళ్లకి కూడా సరిగ్గా తెలీదని తేలాక రాత్రి నిద్రపోలేదు. సంతోషంతో.

నాన్నని అడిగింది. "నాకు తెలీనిదేముంది?" అన్నారు నాన్న. పాపం, అది చాలాసేపు ఆయన పక్కనే నిలబడింది.

అక్టోబరు 19

విద్యాశాఖ ఆవిడ ఇరవై ఏడున వస్తుంది. మూడో తరగతి ఎక్కాలు, గద్యం, వ్యాకరణం అడుగుతారని నాన్న కనుక్కున్నారు. ఉడుతకి ఆవు నాలుగు పొట్టల పేర్లు వచ్చు. ఆవిడ అవి అడగదు.

అక్టోబరు 22

ఒక్క పూట ఎక్కాలు అడిగాను. అభ్యాసం కోసం. ఒక్క పూటే.

మంచం కింద రబ్బరు చెప్పు ఇంకా అక్కడే ఉంది.

అక్టోబరు 26

హాస్టలు పెట్టె ఇంట్లోకి వచ్చింది. ఖాళీగా గోడకి ఆనించి పెట్టారు. ఉంటే ఉండనీ అన్నారు నాన్న, ఆవిడ ఏమంటుందో. నేనూ అమ్మా దాని మీద ఒక దుప్పటి కప్పాం.

అక్టోబరు 27

ఆవిడ సన్నగా, పెద్ద కళ్లజోడుతో ఉంది. మంచి మనిషే. ఉడుతకి ఎదురుగా కూర్చుని నవ్వి, "ఏడెనిమిదులు ఎంతమ్మా?" అంది.

ఉడుత నేలవైపు చూసింది.

"పోనీ, ఈ పేరా చదువుతావా?"

నేల.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాన్న గుమ్మంలో నిలబడ్డారు. నేను నోరు తెరిస్తే అంతా పాడవుతుందని తెలుసు, తెరవకపోతే ఇంకా పాడవుతుందనీ తెలుసు. ఆవిడ కలం మూత తీసింది. అప్పుడు ఉడుత తల ఎత్తింది.

"మీకు తెలీదా?"

"ఏడెనిమిదులా? తెలుసు."

"మరి?"

ఆవిడ కలం ఆగింది. నేను అందుకున్నాను. చెప్పేశాను. మా ఇంట్లో ఒక రూలు ఉందండీ. తెలిసినవి అడగం. మీకు నిజంగా తెలీనిది ఏదైనా అడగండి.

నాన్న "పెద్దదానా" అన్నారు, హెచ్చరికగా. ఆవిడ నాన్న వైపు చెయ్యి చూపించింది, ఉండండి అన్నట్టు. కళ్లజోడు తీసి తుడుచుకుంది. గది చుట్టూ చూసింది, గోడకి వేలాడే ఫ్రేముల వైపు చూసింది. ఆవిడ మొహంలో అప్పటిదాకా ఉన్న ఆఫీసు కాస్త తగ్గింది.

"మా ఇంట్లో ఒక అద్దం ఉంది" అంది. "గోడకి ఎన్నిసార్లు తగిలించినా ముందుకి వంగుతుంది. మీద పడుతుందేమోనని దాని ముందు తల దువ్వుకోను. ఎందుకు వంగుతుందో నాకు నిజంగా తెలీదు."

ఉడుత ఆవిడ కళ్లలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నమ్ముతుందో లేదో.

"తీగ ఎక్కడ కట్టారు?" అంది ఉడుత.

అంతే. తర్వాతది నేను ఆపాలన్నా ఆగేది కాదు. తీగ సరిగ్గా నడుం దగ్గర కట్టారట. "అందుకే. నడుం దగ్గర పట్టుకుంటే తల ముందుకి వాలుతుంది. భుజాల దగ్గర పట్టుకోవాలి." ఎత్తెంత అని అడిగింది. ముప్ఫై అంగుళాలు. "మూడో వంతు పది. పైనుంచి పది అంగుళాల కింద కొంకీలు పెట్టించండి." వెడల్పు? ఇరవై నాలుగు. "అంటే రెండున్నర అడుగులు, రెండు అడుగులు. ఐదు చదరపు అడుగుల అద్దం. ఆగండి."

కిందికి పరిగెత్తి అద్దాల కంపెనీ వాళ్ల పుస్తకం తెచ్చింది. అందులోది పైకి చదివింది, గొంతెత్తి, ఒక మాట దగ్గర తడబడి, వెనక్కెళ్లి, సరిగ్గా. ఐదు మిల్లీమీటర్ల అద్దం చదరపు అడుగుకి కిలో నూటయాభై గ్రాములు. కాగితం మీద గుణించింది. ఐదు కిలోల ఏడువందల యాభై. "చెక్కకి ఇంకో కిలో వేసుకుందాం. పది కిలోలు మోసే తీగ చాలు. మీది సన్నదా?"

ఆవిడకి తెలీదట. "చూసి చెప్పండి" అంది ఉడుత, ఆవిడ తన క్లాసులో ఉన్నట్టు.

ఆవిడ మర్చిపోతానేమో, రాసివ్వమంది. ఉడుత రాసింది, ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి. రెండుచోట్ల ఒత్తులు పోయాయి. ఆవిడ వాటిని దిద్దలేదు. కాగితం మడిచి ఆఫీసు కాగితాల్లో పెట్టలేదు, తన చేతిసంచిలో పెట్టుకుంది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, "హమ్మయ్య" అంది.

ఉడుత నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను, ఎందుకంటే నాకు జలుబు.

ఆవిడ ఏడాదికి అనుమతి ఇచ్చింది. ఏడాది తర్వాత మళ్ళీ వస్తుంది, ఈసారి ప్రశ్నలు ముందే వెతుక్కుని వస్తానంది. లేచేటప్పుడు నన్నడిగింది, మీరు ఏ పద్ధతిలో చెప్తున్నారు, దానికి పేరేంటని.

మాటల మీద ఇంత ప్రేమ ఉన్నదాన్ని. తెలీదండీ అన్నాను.

ఉడుత గుమ్మం దాకా వెళ్లి ఆవిడని పిలిచింది. "యాభై ఆరు" అంది. "మీకు తెలుసనుకోండి."

అక్టోబరు 28

పొద్దున పెట్టె కనిపించలేదు. కొట్లోకి దిగితే అందులో నాన్న మిగిలిన పట్టీ ముక్కలు పోస్తున్నారు. నేనేమీ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి.

మధ్యాహ్నం నేనూ ఉడుతా స్టాటిస్టిక్స్‌తో కుస్తీ పడుతున్నాం. నాన్న మెట్లెక్కి వచ్చారు. చేతికి రంపం పొట్టు. గుమ్మంలో నిలబడ్డారు, వెళ్లిపోబోయారు, మళ్ళీ ఆగారు.

"ఉడుతా" అన్నారు. "నాకు ఈల రాదు."

ఉడుత కలం పెట్టేసింది. నాన్న మొహాన్ని పరీక్షగా చూసింది, ఎవర్నీ వదిలిపెట్టదు కదా. "వేయండి" అంది. నాన్న మూతి సున్నాలా పెట్టి ఊదారు. ఉత్త గాలి. రంపం పొట్టు కాస్త ఎగిరింది. మళ్ళీ ఊదారు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంత వయసొచ్చింది, నిజంగానే రాదు.

ఉడుత తన కుర్చీ లాగి ఆయనకి వేసింది.

పాఠం చాలాసేపు సాగింది. పెదాలు తడుపుకోవాలి, నాలుక కింది పళ్లకి ఆనించాలి, గట్టిగా కాదు నాన్నా, వేడి పాలు ఊదినట్టు. నాన్నకి ఒక్క ముక్క ఎక్కలేదు. "పర్లేదు, మొదట్లో అందరికీ అంతే" అంది.

రేపు మళ్ళీ రమ్మంది.